తేలు కుట్టిన దేశం

1983 మార్చిలో రుమేనియా ప్రభుత్వం టైపురైటర్ల మీద ఒక డిక్రీ తెచ్చింది. ఇంట్లో మిషను ఉన్నవాళ్లు పోలీసుల దగ్గర అనుమతి తీసుకోవాలి. మిషనులో ఉన్న అక్షరాలు, అంకెలు, గుర్తులు అన్నీ ఒక కాగితం మీద కొట్టి నమూనా ఇవ్వాలి. ఏటా మళ్లీ ఇవ్వాలి, రిపేరుకు వెళ్లొస్తే మళ్లీ ఇవ్వాలి. ఏ రెండు టైపురైటర్ల అచ్చూ ఒకేలా పడదు. ఒకదానిలో అక్షరం తోక అరిగి ఉంటుంది, ఇంకోదానిలో సున్నా కాస్త పైకెక్కి ఉంటుంది. ఎక్కడైనా కరపత్రం దొరికితే దాన్ని స్టేషనులోని నమూనాల పక్కన పెట్టి చూసి, కొట్టినవాడి ఇంటి తలుపు తట్టవచ్చు. ప్రమాదకరమైన మనుషులని ప్రభుత్వం అనుకున్నవాళ్లకు అసలు మిషను ఉంచుకునే హక్కే లేదు.

నియంతకు పిచ్చి ముదిరిందని ఇలాంటి చట్టాలను చూసి నవ్వుకుంటాం. 1965 నుంచి 1989 దాకా రుమేనియాను ఏలిన నికొలాయ్ చౌషెస్కు నవ్వుకోవడానికి కావలసినంత సరుకు మిగిల్చి పోయాడు కూడా. కానీ ఒక లెక్క చూస్తే నవ్వు ఆగుతుంది. అదే సోవియట్ కూటమిలోని తూర్పు జర్మనీలో సుమారు 1.6 కోట్ల జనాభాకు రహస్య పోలీసు సంస్థ స్టాసీలో 91 వేల మంది ఉద్యోగులుండేవారు. రుమేనియా జనాభా 2.3 కోట్లు. అక్కడి రహస్య పోలీసు సంస్థ సెక్యురిటాటేలో, సాయుధ దళాలను పక్కన పెడితే, ఉన్నది 15 వేల పైచిలుకు. ఇంత కొద్దిమంది అంత దేశాన్ని నోరెత్తనివ్వకుండా ఎలా ఉంచారు? ఇన్‌ఫార్మర్లు లక్షల్లో ఉన్నారుగా అనవచ్చు. నిజమే, 4 లక్షలని తరచూ వినపడుతుంది. అయితే ప్రశ్న ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది, అంతే. మామూలు మనుషులు అంతమంది ఎందుకు ఒప్పుకున్నారు? సెక్యురిటాటే ఇన్‌ఫార్మర్లను మూడు ఖాతాల్లో చేర్చుకునేది: దేశభక్తి, డబ్బో మరో ప్రయోజనమో, గుట్టు దొరకడం. ఈ మూడోదే నాకు ఆ పాలన మొత్తానికి తాళంచెవిలా కనిపిస్తుంది. మామూలుగా బతకాలంటే ఏదో ఒక చట్టం మీరక తప్పని పరిస్థితి కల్పిస్తే, ప్రతి మనిషి పిలకా ప్రభుత్వం చేతికి వస్తుంది. ప్రతి ఇంటి ముందూ పోలీసును నిలబెట్టాల్సిన పని ఉండదు.

దీనికి అన్నిటికంటే క్రూరమైన సాక్ష్యం 1966 అక్టోబరులో వచ్చిన 770వ నంబరు డిక్రీ. అంతకు ముందు, 1957 నుంచి, రుమేనియాలో గర్భస్రావం చట్టబద్ధం. గర్భనిరోధక సాధనాలు సరిగా దొరకని దేశంలో జనం దాన్నే కుటుంబ నియంత్రణగా వాడుకున్నారు. 1965లో ఒక్కో కాన్పుకు నాలుగు గర్భస్రావాలు జరిగాయి. జనాభా పెరగాలి, కార్మికులు పెరగాలి అనుకున్న చౌషెస్కు ఒక్క కలం పోటుతో దాన్ని నిషేధించాడు. 45 ఏళ్లు దాటినవాళ్లకూ, నలుగురు పిల్లలున్నవాళ్లకూ, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లోనూ మాత్రమే మినహాయింపు. 1966లో 2.74 లక్షల మంది పిల్లలు పుడితే 1967లో 5.28 లక్షల మంది పుట్టారు. ప్రసూతి వార్డులు చాలలేదు. ఆ పిల్లలు పెరిగేకొద్దీ బడులూ చాలలేదు. తర్వాత జనం దొంగదారులు వెతుక్కున్నారు. 1983 నాటికి జననాల రేటు దాదాపు మళ్లీ 1966 దగ్గరికే వచ్చింది. దాంతో చట్టం ఇంకా బిగిసింది. మినహాయింపుకు ఐదుగురు పిల్లలుండాలన్నారు. ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలకు గర్భ పరీక్షలు మొదలయ్యాయి. పాతికేళ్లు దాటీ పిల్లలు లేనివాళ్ల జీతంలో, పెళ్లయినా కాకున్నా, పన్ను కోత పడేది.

జనాభా పథకంగా చూస్తే అది ఘోరంగా విఫలమైంది. మనుషులను లొంగదీసే పనిముట్టుగా మాత్రం విఫలం కాలేదు. రహస్యంగా గర్భం తీయించుకుని, రక్తస్రావంతోనో ఇన్‌ఫెక్షన్‌తోనో ఆసుపత్రికి వచ్చిన మనిషిని ఊహించండి. ఎవరు చేశారో పేరు చెప్పమని అడిగేవారు. పోలీసో ప్రాసిక్యూటరో వచ్చేదాకా వైద్యం ఆగిన సందర్భాలున్నాయి. పేరు చెబితే సాయం చేసిన మనిషి జైలుకు పోతుంది, చెప్పకపోతే తన ప్రాణం మీదికి వస్తుంది. చెప్పకుండానే పోయినవాళ్లున్నారు. రహస్య గర్భస్రావాల వల్ల చనిపోయిన స్త్రీలు సుమారు 10 వేల మంది అని అంచనా. బతికి బయటపడినవాళ్ల సంగతి వేరు. ఆమె, ఆమె భర్త, డబ్బు తీసుకున్న నర్సు, చూసీ చూడనట్టు కేసు షీటులో మరో జబ్బు రాసిన డాక్టరు, మెట్ల మీద అలికిడి విన్న పక్కింటామె, అందరూ తేలు కుట్టిన దొంగలే. రేపు ఎవరైనా వచ్చి మీ ఆఫీసులో ఫలానా అతను ఏం మాట్లాడుతున్నాడో కాస్త చెప్పండి అంటే, కాదనడానికి వాళ్లలో ఎవరికి ధైర్యముంటుంది? 2007లో కాన్ చిత్రోత్సవంలో పామ్ డోర్ అందుకున్న క్రిస్టియన్ ముంజియు సినిమా ‘నాలుగు నెలలు, మూడు వారాలు, రెండు రోజులు’ కథ ఈ ఊబిలోదే.

తిండి విషయంలోనూ ఇదే తంతు, కొంచెం తక్కువ రక్తంతో. 1980ల మొదట్లో దేశం మీద దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల విదేశీ అప్పు ఉండేది. అదంతా తీర్చేయాలని చౌషెస్కు పంతం పట్టి, మాంసం, పళ్లు, ధాన్యం ఎగుమతికి మళ్లించాడు. దేశంలో రేషను మొదలైంది. 1981లో వచ్చిన మరో డిక్రీ ప్రకారం ఇంటికి నెల అవసరానికి మించి నూనో పంచదారో పిండో కొని పెట్టుకుంటే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. మర్నాడు దుకాణంలో ఏం ఉంటుందో తెలియని చోట, కనపడింది కొని దాచుకోకుండా ఏ ఇల్లాలు ఉంటుంది? క్యూలో మనుషులకు బదులు సంచులు, ఖాళీ సీసాలు నిలబడేవి. ఎగుమతికి పోగా మిగిలిన పంది కాళ్లకు జనం అడిడాస్ అని పేరు పెట్టారు. డాక్టరు దగ్గరికి, గుమాస్తా దగ్గరికి, కసాయి దగ్గరికి వెళ్లేవాళ్లు కెంట్ సిగరెట్ పెట్టె పట్టుకెళ్లేవారు. తీసుకున్నవాళ్లు దాన్ని విప్పేవారు కాదు, తమ పని ఉన్న ఇంకో చోట ఇచ్చేవారు. ఆ పెట్టెలు దేశమంతా చేతులు మారుతూ తిరిగాయి, దాదాపు నోట్లలాగే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. జనం ఇన్ని రకాలుగా చట్టాన్ని ఏమార్చారంటే అదీ ఒక స్వేచ్ఛే కదా? నియంత్రణ సంపూర్ణమని ఎలా అంటారు? బల్గేరియా టీవీ చూడటానికి మేడల మీద యాంటెన్నాలు కట్టుకున్నారు. చూడక ఏం చేస్తారు, 1985 నుంచి సొంత టీవీ మామూలు రోజుల్లో రెండే గంటలు వచ్చేది, అందులో సగం అధ్యక్షుడి పర్యటనలే. దొంగచాటు వీడియో క్యాసెట్లలో హాలీవుడ్ సినిమాలు చూశారు. బయటి దేశం నుంచి వచ్చే రేడియో ఫ్రీ యూరప్ విన్నారు. ఇవన్నీ నిజం, వాటి విలువను తగ్గించనక్కర్లేదు. కానీ ఈ తప్పించుకోవడమంతా ఒంటరిగానో, నలుగురైదుగురు నమ్మకస్థుల మధ్యో జరిగే పని. బతకడానికి సరిపోతుంది గానీ గొంతు కలపడానికి పనికిరాదు. పైగా చట్టాన్ని ఏమార్చిన ప్రతిసారీ మనిషి ఖాతాలో ఇంకో తప్పు జమయ్యేది. దాన్ని ఎప్పుడు బయటికి తీయాలో, అసలు తీయాలో వద్దో తేల్చేది ప్రభుత్వమే. అందరినీ శిక్షించే ప్రభుత్వానికి జైళ్లు చాలవు, ఎవరినైనా శిక్షించగల ప్రభుత్వానికి ఆ ఖర్చుండదు.

ఇదంతా ఎవరో కూర్చుని పన్నిన పన్నాగమా అంటే, కాదనే నా ఉద్దేశం. చౌషెస్కుకు నిజంగానే జనాభా కావాలి, నిజంగానే అప్పు తీరాలి. 1971లో చైనా, ఉత్తర కొరియా చూసి వచ్చాక దేశమంతా ఒక్క మనిషి మాట మీద కవాతు చెయ్యడం అతనికి తెగ నచ్చిందని మాత్రం చెప్పవచ్చు. పాటించడానికి వీలులేని చట్టాలు మొండితనం వల్ల పుట్టాయి. వాటితో వచ్చిన పట్టును వదులుకోవాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. అప్పు తీర్చడం గొప్పే కదా అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1989 వసంతానికి అది తీరిన మాట నిజం. ఫ్యాక్టరీలు, అపార్ట్‌మెంట్లు, అక్షరాస్యత పెరిగిన మాటా నిజమే. 1968 ఆగస్టులో చెకోస్లోవేకియా మీద సోవియట్ దండయాత్రను ఖండించినప్పుడు జనం అతన్ని మనసారా మెచ్చుకున్నారు. అయితే అప్పు తీరాకా రేషను పోలేదు, ఎగుమతులు ఆగలేదు. 1968 నాటి ఆ మెచ్చుకోలే తర్వాతి ఇరవై ఏళ్లకు పెట్టుబడి అయింది.

మరి అంత పట్టున్న పాలన 1989 డిసెంబరులో వారం రోజుల్లో ఎలా కూలింది? నా వాదనకు ఇదే గట్టి పరీక్ష. ఆ పట్టు నిలబడిందంతా ఒక్క షరతు మీద: నా తప్పు నాదే, నా అసహ్యం నాదే, మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు. డిసెంబరు 21న బుకారెస్ట్‌లో తన ప్రసంగానికి చౌషెస్కు తనే లక్షమందిని పోగుచేశాడు. మధ్యలో అరుపులు లేచాయి. అతని చెయ్యి గాలిలో ఆగిపోవడం, టీవీ ప్రసారం కాసేపు తెగిపోవడం దేశమంతా చూసింది. పక్కవాడి మనసులోనూ ఇదే ఉందని ఒక్కసారిగా అందరికీ తెలిసిపోయింది. తెలియడమొక్కటే చాలలేదు, సైన్యం జనం వైపు తిరగడం కూడా కలిసొచ్చింది. మర్నాడు అతను హెలికాప్టరెక్కి పారిపోయాడు, 25న కాల్చి చంపారు. 26న కొత్త ప్రభుత్వం రద్దు చేసినవాటిలో 770వ నంబరు డిక్రీ ఉంది, టైపురైటర్ల చట్టమూ ఆ వరుసలోనే పోయింది. 1989లో ప్రతి లక్ష కాన్పులకు దాదాపు 170 మంది తల్లులు చనిపోతే, మరుసటి ఏడాది ఆ సంఖ్య సగానికి పడిపోయింది. ఆసుపత్రులు అవే, డాక్టర్లూ వాళ్లే.