పెదవికి అంటుకునే వైపు

డబ్లిన్‌లో నేను పనిచేసే ప్రింటింగ్ షాపులో కొత్తగా చేరిన కుర్రాడు మొన్న ఒక పెళ్లి ఫొటో పాడుచేశాడు. పెద్ద సైజు ఫొటో పేపరు, ఖరీదైనది. దాన్ని తిరగేసి మెషిన్‌లో పెట్టాడు. బయటికొచ్చేసరికి పెళ్లికూతురి తెల్ల గౌనుకేం కాలేదు, తెలుపు చోట సిరా పడదు కదా. పెళ్లికొడుకు నల్ల సూటు మాత్రం ఏడ్చిన కంటి కాటుకలా కిందికి కారిపోతోంది.

నేను ఇంకో కాగితం తీసుకుని మూల కొంచెం పెదవుల మధ్య పెట్టి వదిలాను. ఒక పెదవికి చటుక్కున అంటుకుంది. "ఇదీ పై వైపు" అన్నాను. కుర్రాడు నా వంక అదోలా చూశాడు.

ఈ విద్య నాకు మా నాన్న నేర్పింది. తెనాలిలో ఆయనకి చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో తెర, రెండు లైట్లు, పాస్‌పోర్టు ఫొటోల కోసం ఒక కోటు. వెనక డార్క్‌రూమ్. గుడ్డి ఎర్రబల్బు వెలుగులో బ్రొమైడ్ పేపరుకి ఏ వైపు మందు పూసి ఉందో కంటికి తెలిసేది కాదు. నాన్న మూల పెదవికి ఆనించేవాడు. అంటుకుంటే అదే మందు వైపు. ఫొటో అంతా ఆ పూతలోనే ఉంటుందనీ, మిగతాదంతా ఒట్టి కాగితమేననీ చెప్పేవాడు.

ఆ పూత సంగతి ఒక్కసారి దగ్గర్నించి చూద్దాం. అందులో వెలుగుకి స్పందించేది వెండి ఉప్పు, అంటే సిల్వర్ బ్రొమైడ్ లాంటిది. దాన్ని గాజుకో కాగితానికో పట్టి ఉంచేది జెలటిన్. పశువుల ఎముకలూ తోళ్లూ ఉడికించి తీసే జిగురు అది. ఈ రెంటినీ కలిపి 1871లో దారి చూపించినవాడు రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు. జెలటిన్ తడి తగిలితే ఉబ్బుతుంది, జిగురెక్కుతుంది. పెదవికి అంటుకునేది అందుకే. డెవలపర్ ట్రేలో మునిగినప్పుడు మందునీళ్లు లోపలి వెండి దాకా చేరేది కూడా అందుకే.

ఈ జిగురుకి ఒక గమ్మత్తయిన కథ ఉంది. ఒక సరుకు జెలటిన్‌తో చేసిన ఫిల్ము వెలుగుని చురుగ్గా పట్టేది, ఇంకో సరుకుతో చేసింది మందకొడిగా ఉండేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. 1920లలో కొడాక్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త శామ్యూల్ షెపర్డ్ తవ్వి తీస్తే తేలిందేమిటంటే, మంచి జెలటిన్‌లో గంధకం ఉన్న పదార్థాలు అతి స్వల్పంగా ఉన్నాయి. అవి ఆవజాతి మొక్కలు మేసిన పశువుల నుంచి వచ్చాయి. మన తాలింపు గింజల ఘాటే సినిమా ఫిల్ముకి చూపునిచ్చిందన్నమాట.

ఇక ఎర్రబల్బు. అది పెట్టుకునేది నాన్నకి ఎరుపు ఇష్టమై కాదు. బ్రొమైడ్ పేపరుకి నీలం వెలుగు బాగా కనిపిస్తుంది, ఎరుపు కనిపించదు. పేపరు గుడ్డిదయిన చోట మనిషి పనిచేసుకుంటాడు. కానీ రంగుల ఫొటో తీయాలనుకున్నవాడికి ఈ గుడ్డితనమే అడ్డుగోడ. ఎరుపే తెలియని పలకతో ఎర్ర మందారాన్ని పట్టేదెలా?

ఈ ప్రశ్న వెంటపడిన మనిషి నేనిప్పుడు బతుకుతున్న ఊళ్లోనే ఉండేవాడు. పేరు జాన్ జోలీ. 1857లో ఐర్లండ్ నడిబొడ్డున ఉన్న ఆఫలీ కౌంటీలో, బ్రాక్నా అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. ట్రినిటీ కాలేజీలో ఇంజినీరింగ్ చదివాడు, 1897 నుంచి 1933లో చనిపోయేదాకా అక్కడే భూగర్భశాస్త్ర ప్రొఫెసరు. ఒక పనితో ఊరుకునే రకం కాదు. చెట్టు అంత ఎత్తుకి నీళ్లెలా లాగుతుందో 1894లో హెన్రీ డిక్సన్‌తో కలిసి వివరించాడు. సముద్రంలోని ఉప్పు లెక్క కట్టి భూమి వయసు ఎనిమిది తొమ్మిది కోట్ల ఏళ్లన్నాడు. అసలు వయసు 450 కోట్ల ఏళ్ల పైమాటే, ఆ లెక్క తప్పింది. క్యాన్సర్‌కి రేడియం వైద్యం డబ్లిన్‌లో నిలదొక్కుకోవడంలోనూ అతని చెయ్యి ఉంది. 1894లోనే రంగుల ఫొటోకి పేటెంట్ కూడా తీసుకున్నాడు.

అతని ఉపాయం ఇది. ఒక గాజుపలకకి పల్చగా జెలటిన్ పూశాడు. దాని మీద యంత్రంతో వరసగా గీతలు గీయించాడు: ఎరుపు, ఆకుపచ్చ, నీలి వంగపండు రంగు, మళ్లీ ఎరుపు. అంగుళానికి సుమారు 200 గీతలు. ఈ చారల పలకని కెమెరాలో ఫొటో పలకకి ముందు, ఆనించి పెట్టాడు. ఎర్ర మందారం నుంచి వచ్చిన వెలుగు ఎర్రగీతల్లోంచి మాత్రమే దూరుతుంది. పక్కన ఆకుపచ్చ గీత వెనకా నీలం గీత వెనకా చీకటే. ఆ నెగెటివ్ నుంచి గాజు మీద పాజిటివ్ తీస్తే, ఎర్రగీతల వెనక పడ్డ చోట గాజు తేటగా, మిగతా చోట నల్లగా వస్తుంది. ఈ నలుపు తెలుపు గాజుని మళ్లీ ఒక చారల పలకతో జతచేసి దీపానికి అడ్డం పట్టుకుంటే మందారం ఉన్న చోట ఎర్రగీతలే వెలుగుతాయి. పసుపు చామంతి అయితే ఎరుపూ ఆకుపచ్చా రెండూ వెలుగుతాయి. ఆ రెంటినీ కలుపుకుని పసుపనుకునేది మన కన్ను.

మా చీరాల నేతవాళ్లకి ఇది చెబితే నవ్వుతారేమో. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేస్తే చీర దూరం నుంచి మూడో రంగులో మెరుస్తుందని వాళ్లకెప్పుడో తెలుసు. జోలీ ఆ పనిని వెలుగుతో చేశాడు.

పలక ఎరుపుకి గుడ్డిదన్న ఇబ్బందికి సగం మందు అప్పటికే దొరికింది. 1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ అనే ఆయన పూతలో కొన్ని అద్దకం రంగులు కలిపితే అది ఆకుపచ్చనీ పసుపునీ కూడా చూడగలదని కనుక్కున్నాడు. జోలీ ఆ తరహా పలకలే వాడాడు. ముదురు ఎరుపు అప్పటికీ బలహీనమే. అన్ని రంగులూ చూసే పలకలు బజారుకొచ్చింది 1906లో.

జోలీ తీసిన గాజుపలకలు కొన్ని ఐర్లండ్ నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిల్లో పూలబొమ్మని నా కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. దూరం నుంచి పూలు, కాస్త మసకగా, సాయంత్రం కిటికీలోంచి చూసినట్టు. దగ్గరికెళ్లేకొద్దీ పూలు పోయి చారలు మిగిలాయి, అచ్చం చారల దుప్పటి.

మసక ఎందుకంటే, తెల్లటి వెలుగులో ప్రతి గీతా తన వాటా మూడో వంతే వదులుతుంది, మిగతాది మింగేస్తుంది. ఇంకో చిక్కు రెండు పలకల్నీ గీతకి గీత సరిపెట్టడం. మిల్లీమీటరులో పదో వంతు పక్కకి జరిగితే ఎర్రపువ్వు ఆకుపచ్చగా మారిపోతుంది. పలక ధరా ఎక్కువే. 1895లో అమ్మకానికొచ్చిన ఈ పద్ధతి కొన్నేళ్లకే మూలపడింది. పైగా షికాగోలో జేమ్స్ మెక్‌డోనో అనే ఆయన 1892లోనే ఇలాంటి పద్ధతికి పేటెంట్ పొందాడు. రంగు రంగుల జల్లెడలోంచి ఫొటో తీయొచ్చన్న ఊహయితే ఫ్రాన్సులో లూయీ ద్యూకో ద్యూ ఓరోన్ 1869లోనే అచ్చేశాడు. ఊహకి ముగ్గురు తండ్రులున్నారు గానీ, డబ్లిన్‌లో అది చేతిలో పట్టుకుని చూడగలిగే సరుకైంది.

పేటెంట్ అంటే మా నాన్నకి తెలిసిన భాషలో ఒక బేరం. "నీ రహస్యం అందరికీ విప్పి చెప్పు, కొన్నేళ్లపాటు నీ అనుమతి లేకుండా ఇంకెవరూ చేసి అమ్మకుండా చూస్తాం" అని సర్కారు చెప్పే మాట. అప్పట్లో బ్రిటన్‌లో, దాని కింద ఉన్న ఐర్లండ్‌లో ఆ గడువు 14 ఏళ్లు. ఇప్పుడు చాలా దేశాల్లో 20. గడువు తీరాక ఆ రహస్యం ఊరుమ్మడి బావి.

జోలీ పద్ధతిలోని చిక్కుల్ని విప్పినవాళ్లు ఫ్రాన్సు లూమియేర్ సోదరులు. సినిమా చూపించిన ఆ లూమియేర్లే. వాళ్లు గీతలు మానేసి బంగాళదుంప పట్టుకున్నారు. దుంప పిండి రేణువుల్ని, ఒక్కోటి మిల్లీమీటరులో నూరో వంతు, నారింజ ఎరుపు, ఆకుపచ్చ, నీలి వంగపండు రంగుల్లో అద్ది కలగలిపి గాజు మీద ఒకే పొరగా చల్లారు. సందుల్లో మసి నింపారు. అసలు తెలివి తరవాతిది: ఫొటో మందుని ఆ రేణువుల మీదే పూశారు. జల్లెడా పూతా ఒకే గాజు మీద ఉంటే సరిపెట్టే బాధే లేదు. 1903లో పేటెంట్, 1907లో అమ్మకం. పేరు ఆటోక్రోమ్.

1913లో మార్గరీట్ మెస్పులే, మాడలెన్ మిన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచి స్త్రీలు ఈ పలకలు మోసుకుని ఐర్లండ్ వచ్చారు. ప్రపంచాన్నంతా రంగుల్లో భద్రపరచాలని ఆల్బెర్ కాన్ అనే ధనవంతుడు పంపించాడు. గాల్వే పట్నం ఒడ్డున క్లాడా అనే జాలరిపేటలో గడ్డి కప్పుల ఇళ్లనీ, ఎర్ర దుస్తుల ఆడపిల్లల్నీ తీశారు. ఆ ప్రయాణం మొత్తంలో 73 ఆటోక్రోములు తీశారు. బంగాళదుంప పంట తెగులొచ్చి 1840లలో పది లక్షల మంది ఆకలితో, రోగాలతో పోయిన దేశమిది. ఆ ఊరి ఎరుపుని మనదాకా తెచ్చిందీ బంగాళదుంప పిండే. ఇది తెలిసిన రోజు నేను వంటింట్లో దుంపలు తరుగుతూ చాలాసేపు ఆగిపోయాను.

మరి జోలీ గీతలు ఏమయ్యాయి? మీ ఫోన్ తెల్లటి తెర మీద చిటికెన వేలితో చిన్న నీటిచుక్క పెట్టి చూడండి. చుక్క భూతద్దంలా పనిచేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు వరసగా కనబడతాయి. సోనీ 1968లో తెచ్చిన ట్రినిట్రాన్ టీవీలో అయితే అచ్చంగా నిలువు గీతలే. పోలరాయిడ్ కంపెనీ 1983లో అమ్మిన పోలాక్రోమ్ స్లైడు ఫిల్ములోనూ సన్నటి రంగుగీతలు ఉన్నాయి. జోలీ పలక మసకే, ఈ తెరల వెలుగుని మాత్రం పెంచుకోవచ్చు.

పూతల కథ ఐర్లండ్‌లో ఇంకా నడుస్తోంది. డబ్లిన్ పక్కనున్న లీక్‌స్లిప్‌లో ఇంటెల్ చిప్పుల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ సిలికాన్ బిళ్ల మీద వెలుగుకి మారే పూత పూస్తారు, నమూనాలోంచి వెలుగు పంపిస్తారు, డెవలప్ చేస్తారు. అక్కడ పనిచేసే తెలుగావిడ ఒకరు మా ఇంటికొచ్చి ఈ మాటలు వాడుతుంటే నాకు నాన్న డార్క్‌రూమ్ మందుల వాసన ముక్కుకి తగిలినట్టయింది.

మా షాపు కాగితం మీద వెండి లేదు. ఉన్నది సిలికా లాంటి అతి మెత్తని పొడి, జిగురుతో పట్టించిన పూత, నిండా సూక్ష్మమైన సందులు. సున్నం గోడ మీద పడ్డ నీటిచుక్కలా సిరాలోని నీళ్లు చటుక్కున లోపలికి పోతాయి, రంగు పైనే నిలబడిపోతుంది. పెదవి తడిని పీల్చేదీ ఆ సందులే. వెనక వైపు ప్లాస్టిక్ పొర, పీల్చదు. నల్ల సూటు కారింది అందుకే.

నాన్న పోయి ఆరేళ్లు. ఆయన తీసిన అమ్మ ఫొటో ఒకటి పోయినసారి వెళ్లినప్పుడు తెచ్చుకున్నాను. పెళ్లయిన ఏడాది తీసింది, నలుపు తెలుపు. దాని మీద కుంచెతో, దూదితో రంగులద్దాడు: బుగ్గలకి గులాబీ, బొట్టుకి ఎరుపు, చీరకి చిలకపచ్చ. తెనాలి వానలకి ఒక మూల బూజు పట్టింది. జెలటిన్ బూజుకి కూడా తిండే. స్కాన్ చేసి, మచ్చలు తీసి, చీర రంగు సరిచూసుకుందామని అమ్మకి ఫోన్ చేశాను.

"చిలకపచ్చా? అది మామిడిపండు రంగు చీరే. మీ నాన్నకి పచ్చంటే ఇష్టం" అంది.

"మరి నువ్వేమీ అనలేదా?"

"ఏమంటాను? ఫొటోలో బానే ఉందిగా."

రంగు వేసే పని మనిషి చేతుల్లోంచి తీసి వెలుగుకి అప్పగించాలని జోలీ తాపత్రయపడ్డాడు. అయినా గీతలకి ఏ ఎరుపు, ఏ ఆకుపచ్చ వాడాలో ఎంచుకున్నది అతనే. ఇంకెవరి పూతలోనైనా అంతే, చేసినవాడి ఎంపిక కొంచెం కలిసే ఉంటుంది. నాన్న ఎంపిక చిలకపచ్చ.

అదే రంగులో ప్రింటు తీశాను. కాగితం మూల పెదవికి ఆనించి వైపు చూసుకుని మరీ పెట్టాను. మా ప్రింటర్‌లో చిలకపచ్చ సిరా లేదు. నీలం చుక్కలూ పసుపు చుక్కలూ పక్కపక్కన చల్లి ఆ రంగు తెప్పిస్తుంది. ఆరాక చీర కొంగు మీద భూతద్దం పెట్టి చూశాను. నీలం చుక్కల మధ్య, అంతటా, అమ్మ చెప్పిన మామిడిపండు పసుపు ఉంది.