పరాయి దేశంలో వడ్డన

హోటలు పని అనగానే మన పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు. "ఇంత చదివించింది ఎంగిలి ప్లేట్లు తీయడానికా?" అన్న మాట బ్యాంకు కౌంటరు ఇవతల కూర్చుని నేను చాలాసార్లు విన్నాను. అదే అబ్బాయి దుబాయి నుంచో, దోహా నుంచో మొదటి నెల డబ్బు పంపగానే ఆ మాట మళ్ళీ వినబడదు. అబ్బాయి అక్కడ ఏం నేర్చుకోవాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టాడు అని అడిగే తల్లిదండ్రులు మాత్రం తక్కువ. ఆ రెండు సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

నిజానికి పరాయి అలవాట్లు మన కుటుంబాలకు కొత్త కాదు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు పారాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాల్లో క్యాంపులు కట్టుకున్నవాళ్ళు జొన్నరొట్టె తినడం, కన్నడం మాట్లాడడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నారు. 1956 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది గనుక ఉర్దూ కూడా మన వీధుల్లో వినబడే భాషే. తెలుగు, కన్నడం, హిందూస్తానీ మూడూ నోటికి వచ్చిన కుర్రవాడు గల్ఫు హోటల్లో అడుగుపెడితే వంటింట్లో చాలామందితో మొదటి రోజే మాట కలపగలడు. ఇంగ్లీషు కొంచెం పదును పెట్టుకుంటే చాలు. అసలు కష్టం భాషలో లేదు, అలవాటులో ఉంది.

మన ఇళ్ళలో వడ్డన అంటే కొసరి కొసరి వడ్డించడం. అతిథి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా, వేళ్ళ సందులోంచి ఇంకో గరిటె పప్పు వేస్తేనే మర్యాద. గ్లాసు నిండా మజ్జిగ పోయకపోతే పిసినారితనం. ఇప్పుడు అరబ్బుల కాఫీ సంగతి చూడండి. వాళ్ళు గహ్వా అంటారు. పాలు ఉండవు, చక్కెర ఉండదు, ఏలకుల వాసన ఉంటుంది, పక్కన ఖర్జూరం పెడతారు. పోసేవాడు ఎడమ చేత కాఫీ కూజా, కుడి చేత పిడిలేని చిన్న కప్పు పట్టుకోవాలి. కప్పులో అడుగున కొంచెమే పోయాలి. నిండుగా పోస్తే "తాగి త్వరగా బయల్దేరు" అన్నట్టు తీసుకుంటారు. ఖాళీ అయినప్పుడల్లా మళ్ళీ కొంచెం పోస్తూ ఉండాలి. అతిథి చాలనుకుంటే నోటితో చెప్పనక్కరలేదు, కప్పును అటూ ఇటూ ఊపుతాడు. ఆ సైగ తెలియని మన అబ్బాయి పోస్తూనే ఉంటాడు! ఈ కాఫీ మర్యాదను యునెస్కో వారు 2015లో సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చారంటే దాని విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

రంజాను నెలలో ఇఫ్తారు వడ్డన ఇంకో పరీక్ష. సూర్యాస్తమయానికి ఆ హాలులో కూర్చున్న వందలమందికి ఒకే నిమిషాన ఖర్జూరం, నీళ్ళు, పప్పు సూపు ముందు ఉండాలి. ఒక్క బల్ల ఆలస్యమైనా, పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టని మనిషిని కాచుకోబెట్టినట్టే. ఇది మాత్రం మనవాళ్ళకు సులువుగా పట్టుబడుతుంది. పెళ్ళిలో మొదటి బంతికి అందరి విస్తళ్ళలో అన్నీ పడేదాకా ఎవరూ చెయ్యి పెట్టని పద్ధతి మన పిల్లలు చూసే పెరిగారు.

పట్టుబడనివి మరో రెండున్నాయి. ఒకటి తల ఊపడం. మనం ఔననడానికి తలను పక్కలకు ఆడిస్తాం. యూరపు అతిథికి అది కాదన్నట్టు కనిపిస్తుంది. రెండోది మన మొహమాటం. తెలియనిదాన్ని తెలియదనలేక "ఐదు నిమిషాలండీ" అంటాం. ఆ ఐదు నిమిషాలను అక్కడివాళ్ళు గడియారంలో చూస్తారు.

జపానులో ఇంకో రకం. అక్కడ టిప్పు ఇచ్చే ఆచారం లేదు. బల్ల మీద డబ్బు వదిలితే మరిచిపోయారనుకుని వెంటబడి ఇచ్చివస్తారు. 2019లో ఆ దేశం నైపుణ్య కార్మికులకు పెట్టిన కొత్త వీసాలో హోటళ్ళు, భోజనశాలలు కూడా ఉన్నాయి. భారతదేశంతో 2021లో ఒప్పందం కుదిరింది. జపనీసు భాషా పరీక్ష తప్పదు.

శాకాహారుల ఇళ్ళలో పిల్లలు వెళ్ళేముందే ఒకటి తేల్చుకోవాలి. గొడ్డుమాంసం వండే గిన్నె, మద్యం పోసే గ్లాసు ముట్టుకోవలసి వస్తుంది. అలా కుదరదనుకుంటే రిసెప్షను, హౌస్‌కీపింగు విభాగాలున్నాయి. ఈ మాట ఇంటర్వ్యూలోనే చెప్పడం మేలు, విమానం దిగాక కాదు.

ఇక కాగితాలు. గల్ఫు దేశాల్లో పనికి వెళ్ళే పదో తరగతి పాసుకానివాళ్ళకు మన ప్రభుత్వపు ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. మన కుర్రవాళ్ళు డిగ్రీయో డిప్లొమానో చేసినవాళ్ళు. వాళ్ళకు ఆ క్లియరెన్సు అక్కరలేదు. అంటే వాళ్ళ కాంట్రాక్టును ఇక్కడ ఏ అధికారీ చూడడు, ఇంట్లోవాళ్ళే చూడాలి. ఏజెంటు పేరు విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో వెతకండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షన్నర అడిగి, పైగా విజిటింగు వీసా మీద పంపుతానంటే ఆ మనిషికి నమస్కారం పెట్టి లేవండి. అక్కడికి చేరాక పాస్‌పోర్టును యజమాని దాచిపెట్టుకోవడం ఎమిరేట్స్‌లో గానీ, ఖతార్‌లో గానీ చట్టం ఒప్పదు.

జీతం మొత్తాన్ని చూసి మురిసిపోకండి. అందులో బేసిక్ ఎంతో చూడండి. ఎమిరేట్స్‌లో ఉద్యోగం మానినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ, మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కకడతారు. ఉదాహరణకు ఇద్దరికీ నెలకు 2,000 దిర్హాములే అనుకోండి. బేసిక్ 1,200 ఉన్నవాడికి ఐదేళ్ళకు 4,200 దిర్హాములు వస్తాయి. బేసిక్ 800 ఉన్నవాడికి 2,800. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస బేసిక్ 1,000 రియాళ్ళు. యజమాని బస ఇవ్వకపోతే 500, భోజనం పెట్టకపోతే 300 అదనం.

ఉద్యోగం మీద దేశం దాటినవాడు పాత సేవింగ్సు ఖాతాను ఎన్నార్వో ఖాతాగా మార్పించుకోవాలి. విదేశీ సంపాదన పంపడానికి ఎన్నారై ఖాతా తెరవాలి, ఎన్నార్‌ఈ అంటారు. దాని వడ్డీ మీద ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. "అమ్మ ఖాతాకు పంపితే సరిపోదా?" అని అడుగుతుంటారు. ఇంటి ఖర్చుకు కావలసినంత పంపవచ్చు. మిగిలింది అబ్బాయి పేరునే పెరగనివ్వండి. రేపు తిరిగొచ్చి మాన్విలోనో, సింధనూరులోనో సొంతంగా హోటలు పెడతానని అప్పుకు వస్తే మేము మొదట తిరగేసేది ఆ ఖాతానే.