జొన్న సుంకు వేయు వేళ

షోలాపురపు పూర్వభాగమున, సాఖర్‌పేట మొదలుగా గల నేతవాడలలో, జొన్నరొట్టె కాల్చని యిల్లు అరుదు. అంగడిలో మాల్దండి జొన్నల ధర పెరిగినదన్న వార్త మగ్గముల సందడిలోను వినబడును. ఆ ధరకును, పైరు పూచు దినమునకును గల సంబంధమును మేము తెలిసికొన్నంతవరకు వ్రాయుచున్నాము.

మన జిల్లా నల్లరేగడిలో ఈ జొన్నను సెప్టెంబరు, అక్టోబరు మాసములలో విత్తుదురు. పిమ్మట వాన స్వల్పము. నేలలో నిలిచిన తేమయే ఆధారము. వానలలోనే సుంకు వేసినచో గింజకు బూజు పట్టును. మిక్కిలి ఆలసించినచో తేమ యింకి గింజ తాలుపోవును.

మొక్కకు పంచాంగమెక్కడిది? అది పగటి పొడవును కొలుచును. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డు అను శాస్త్రజ్ఞులు ఈ విషయమును వెల్లడించిరి. మన యూర జూనులో పగలు 13 గంటలు దాటును. డిసెంబరులో 11 గంటలే. దేశవాళి జొన్న పగలు కురుచయైన పిదపనే త్వరగా పూచును.

1945లో క్విన్‌బీ, కార్పర్ అనువారు జొన్న పూచు కాలమును మార్చు మూడు జన్యువులను గుర్తించిరి. అందు ముఖ్యమైనది ఎంఏ-1. అది పనిచేయు విధము 2011లో గాని తేటపడలేదు. మొక్కలోని గడియారము ఈ జన్యువును ఉదయమునను, సాయంకాలమునను మేల్కొల్పజూచును. సాయంకాలము వెలుగున్నచో అది మేల్కొని పూతను అడ్డగించును. అప్పటికే చీకటి పడినచో ఊరకుండును, అడ్డు తొలగును. అంతట ఆకులో పుట్టిన ఒక మాంసకృత్తు కాండపు కొనకు పయనించి, ఆకులు వేయుచున్న మొవ్వను కంకిగా మార్చును.

చాదరు నేయు జకార్డు మగ్గమును తలచుకొనుడు. అట్టలో రంధ్రమున్నచోటనే పడుగుపోగు లేచును. జన్యువు అట్ట వంటిది. కాని ఈ అట్టను వెలుగు పడినపుడే మగ్గము చదువును. పోలిక అంతవరకే.

అమెరికాలోని దీర్ఘమైన వేసవి పగళ్లలో ఈ అడ్డు చెడిన జొన్నలే ముందుగా పూచి అచటి రైతులకు అక్కరకు వచ్చినవి. అచటి వరము ఇచట తొలకరిలో విత్తిన దేశవాళి జొన్నకు కీడు: అడ్డు లేనిచో వానలోనే పూచును. మరి వానలు ఆలసించి అక్టోబరు చివర విత్తిరా, పగళ్లు అప్పటికే కురుచ. మొక్క ఎదుగకమునుపే కంకి వేయును, చొప్ప తగ్గును.

ఈ ఆశ్వయుజమున మేము రెండు కుండలలో దేశవాళి జొన్న విత్తి, ఒకదానిని రాత్రియెల్ల వెలుగు వీధిదీపము క్రిందను, రెండవదానిని పెరటి చీకటిలోను ఉంచనున్నాము. సుంకు కనబడిన తేదీలను తరగతి గోడమీద వ్రాయుదుము.