నూనె - తైలము

"ఆముదపునూనె", "కొబ్బరినూనె" యను సమాసములు వ్యుత్పత్తివిరుద్ధము లని కొందఱు శంకింతురు. ఆ శంక నిరాధారము గాదు. నూనె యనునది నూవు, నెయి యను రెండుపదముల కలయికచేఁ గలిగినది. నూవనఁగా తిల; నెయి యనఁగా స్నేహద్రవ్యము. అఱవమున "ఎణ్ణెయ్", కన్నడమున "ఎణ్ణె" యనునవియు నువ్వులకుఁ బేరగు "ఎళ్" శబ్దమునుండి యిట్లే పుట్టినవి. కాఁబట్టి మొదట నూనె యన నువ్వులచమురే.

సంస్కృతమునను నింతే. తిలశబ్దముమీఁద వికారార్థమున మయట్టు వచ్చి "తిలమయ" మగును. సంజ్ఞయందు మయట్టు రాక "తైల" మగును (పాణినీయము 4-3-149). పిదప ఏరండతైలము, ఇంగుదీతైలము మున్నగునవి లోకమున వెలయఁగా, వైయాకరణులు వానిని ద్రోసివేయక స్నేహార్థమున "తైలచ్" ప్రత్యయమునే విధించిరి. కాశికలో "తిలతైల" మనునదియు నుదాహృతమైనది. అనఁగా తైలములోని తిల యప్పటికే మఱుగువడినది.

పాశ్చాత్యభాషలయందును నీరీతియే కానవచ్చును. ఇంగ్లీషులోని "ఆయిల్" లాటినునుండియు, లాటినుపదము గ్రీకునుండియు వచ్చినవి. గ్రీకున దానికి మూలము ఆలివుచెట్టు పేరు.

తెలుగున నూనె సర్వసామాన్యనామము కాఁగా, నువ్వులనూనెకు "మంచినూనె" యని విశేషణము చేర్పవలసివచ్చెను. అఱవమందలి "నల్లెణ్ణెయ్" కును నర్థ మిదియే. నేలనుండి తీసిన మట్టినూనెలో నువ్వు నెవరును వెదకరు గదా!

వ్యుత్పత్తి శబ్దముయొక్క పుట్టుకను దెలుపును. అర్థమును నిర్ణయించునది రూఢి. బాలుర వ్రాఁతలలోని "కొబ్బరినూనె"ను దిద్దఁ బనిలేదు.