క్లిప్‌బోర్డులో మిగిలిపోయే పాస్‌వర్డులు: ఉమ్మడి కంప్యూటర్ల వద్ద జాగ్రత్త అవసరం

రావులపాలెం: కోనసీమకు ముఖద్వారమైన రావులపాలెం వంటి పట్టణాలలో ఒకే కంప్యూటర్‌ను పలువురు వినియోగించుట సర్వసాధారణం. అరటి వ్యాపారి బ్యాంకు ఖాతా చూచుకొన్న ఇంటర్నెట్ కేంద్రంలోనే విలేకరి వార్త పంపవచ్చును. కార్యాలయాలలోనూ ఒక కంప్యూటర్‌పై ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు పనిచేయుట తెలిసినదే.

పాస్‌వర్డును ఒక ఫైలులో దాచుకొని, కాపీ చేసి, లాగిన్ పేజీలో పేస్ట్ చేసే అలవాటు చాలామందికి ఉన్నది. తెరపై చుక్కలు మాత్రమే కనిపించుటచే అది రహస్యంగా ఉన్నదని భావిస్తారు. అయితే కాపీ చేసిన పాఠం క్లిప్‌బోర్డు అనే తాత్కాలిక స్మృతిలో యథాతథంగా నిలుస్తుంది. తరువాత కూర్చున్న వ్యక్తి నోట్‌ప్యాడ్ తెరిచి పేస్ట్ చేసిన చాలు, అది బయటపడుతుంది. ఆ కంప్యూటర్‌లో నడుస్తున్న ఇతర ప్రోగ్రాములు సైతం దానిని చదువగలవు.

మరొక మాట కాపీ చేసిన పాతది తొలగిపోవునన్నది పూర్తిగా నిజం కాదు. 2018లో విండోస్ 10లో క్లిప్‌బోర్డు చరిత్ర అనే సదుపాయం ప్రవేశపెట్టబడినది. దీనిని ఆన్ చేసినచో చివరి 25 అంశాల వరకు నిల్వ ఉంటాయి. విండోస్ మీటతో వి అక్షరం నొక్కిన ఆ జాబితా కనిపిస్తుంది. అందులోనే క్లియర్ ఆల్ నొక్కి ఖాళీ చేయవచ్చును. పిన్ చేసిన అంశాలు మాత్రం అప్పటికీ, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసినా, పోవు. వాటిని విడిగా తొలగించవలసి ఉంటుంది. సమన్వయ సదుపాయం ఆన్‌లో ఉన్నచో కాపీ చేసిన పాఠం అదే ఖాతా గల ఇతర కంప్యూటర్లకూ చేరగలదు. దూరం నుండి సహాయం అందించే సాఫ్ట్‌వేర్‌ల విషయంలోనూ ఇదే మెలకువ అవసరం; అవి అనేకం ఇరువైపుల క్లిప్‌బోర్డులను కలుపుతాయి.

పాస్‌వర్డ్ మేనేజర్లు ఇంతకంటె మేలు. ఉదాహరణకు కీపాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, మార్చనంతవరకు, 12 సెకన్లలో క్లిప్‌బోర్డును తానే ఖాళీ చేస్తుంది. సెల్‌ఫోన్లలో ఆండ్రాయిడ్ 13 (2022) నుండి కొంత వ్యవధి తరువాత ఈ పని దానంతటదే జరుగుతున్నది. ఉమ్మడి కంప్యూటర్ వద్ద మాత్రం పాస్‌వర్డును టైపు చేయుటయే ఉత్తమం, అదియును తప్పనిసరి అయినప్పుడే. కీలకమైన ఖాతాలను అక్కడ తెరువకుండుట ఇంకా క్షేమం.

ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వినియోగించిన వారికి సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి సెక్షన్ క్రింద 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. ఖాతా నుండి సొమ్ము పోయినట్లు గుర్తించిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, వేరొక సురక్షిత కంప్యూటర్ నుండి పాస్‌వర్డు మార్చుకొనవలెను.