ఎదకాలంలో ఇర్రి ఎందుకు ఏమరుతుంది?

ముదురు మగజింకను పగటిపూట 20 మీటర్ల దగ్గర నుంచి చూడటం మహా కష్టం. గాలిలో మనిషి వాసన తగిలిందంటే చాలు, మనం దాన్ని చూడకముందే అది జారుకుంటుంది. అంతటి జంతువు ఏడాదిలో కొన్ని వారాలపాటు తిండి మరిచి, భయం మరిచి, తానే వచ్చి వేటగాడి ఎదుట నిలబడుతుంది. ఉత్తర అమెరికాలో తెల్లతోక జింకను సంప్రదాయ విల్లుతో వేటాడేవాళ్లు ఏడాదంతా ఎదురుచూసేది ఈ వారాల కోసమే. అక్కడ ఆ ఎదకాలం నవంబరులో వస్తుంది. మరి తమిళనాడులో కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ, తెలుగు వినిపించే పల్లెల పక్కన తిరిగే జింకలకు ఆ నెల ఏది? అలాంటి ఒక్క నెల అక్కడ లేదు. ఎందుకు లేదో తెలియాలంటే సూర్యుడి దగ్గర మొదలుపెట్టి పెంటికల కుప్ప దాకా రావాలి.

నల్లరేగడిలో తెలుగు వేట

కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలో ఉంది. ఉత్తరంగా సాత్తూరు దాటితే విరుదునగర్. పత్తి, మినుము, మిరప పండే ఈ నల్లరేగడిని అక్కడివాళ్లు కరిసల్ అంటారు. విజయనగర, నాయక రాజుల కాలం నుంచి ఇక్కడ తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వాళ్లలో కమ్మవాళ్లున్నారు, రెడ్లున్నారు, కంబళత్తు నాయకర్లున్నారు, రాజపాళయం రాజులున్నారు. తమిళంలో కరిసల్ సాహిత్యానికి పెద్దదిక్కైన కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో ఒక తెలుగింట పుట్టినవాడే. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఆంగ్లేయులు ఉరితీసిన పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మనదీ తెలుగు వంశమే. ఆ వంశపు పాంచాలంకురిచ్చి కోట గురించి చెప్పుకునే కథ కూడా వేట కథే. సాలికుళం అడవిలో ఒక కుందేలు వేటకుక్కల మీదికే తిరగబడిందట. ఈ మట్టిలో పౌరుషముందని అక్కడే కోట కట్టారట.

ఆ కథలో విల్లు లేదు, కుక్కలున్నాయి. రాజపాళయం, చిప్పిపారై అనే పేరున్న వేటకుక్కల జాతులు ఈ సీమవే. అడవిలో విల్లు పట్టిన మనిషి మైదానంలో కుక్కను ఎందుకు నమ్ముకున్నాడో ఇక్కడి జింకల్ని చూస్తే తెలుస్తుంది.

తిరునెల్వేలి, తూత్తుకుడి మధ్య రోడ్డు పక్కన వల్లనాడు గుట్ట ఉంది. 16.41 చదరపు కిలోమీటర్ల ఆ గుట్టను 1987లో కృష్ణజింకల అభయారణ్యంగా ప్రకటించారు. దేశంలో కృష్ణజింకలు సహజంగా మిగిలిన చోట్లలో అన్నిటికంటే దక్షిణాన ఉన్నది ఇదే. కోవిల్‌పట్టి దగ్గరి కురుమలై గుట్టల్లో మచ్చల జింకలున్నాయి. విరుదునగర్‌కు పడమట, 2021లో పులుల అభయారణ్యంగా మారిన శ్రీవిల్లిపుత్తూరు కొండల్లో కణుజులు, అంటే సాంబర్ జింకలు ఉన్నాయి. కణుజుది దట్టమైన అడవి. మచ్చల జింకది అడవి అంచు. కృష్ణజింకకు మాత్రం ఎటు చూసినా కనుచూపు ఆనే బయలు కావాలి.

20 మీటర్ల లెక్క

సంప్రదాయ విల్లుకు కప్పీలు ఉండవు, గురి కుదిర్చే కటకాలు ఉండవు. బద్ద, నారి, లాగే చెయ్యి, అంతే. అలాంటి విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. 20 మీటర్లు దాటడానికి దానికి 0.4 సెకన్లు పడుతుంది. నారి చేసిన చప్పుడు సెకనుకు 340 మీటర్ల వేగంతో వెళ్తుంది కాబట్టి 0.06 సెకన్లకే జింక చెవిన పడుతుంది. అంటే చప్పుడు విన్నాక బాణం తగిలేలోపు జింకకు సెకనులో మూడోవంతు వ్యవధి చిక్కుతుంది. దూకబోయే ముందు జింక కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది. ఆ కాస్త వ్యవధి అందుకు చాలు. బాణం వీపు మీదుగా వెళ్లిపోతుంది.

బాణానికి గురుత్వాకర్షణ కూడా ఎదురే. 0.4 సెకన్లలో అది సుమారు 80 సెంటీమీటర్లు దిగిపోతుంది. దూరం 40 మీటర్లయితే దిగుడు నాలుగింతలై 3 మీటర్లు దాటుతుంది. అందుకే విల్లువేటలో నేర్పంతా దగ్గరికి చేరడంలోనే ఉంది. ఎదురుగాలిలో నడవాలి, నీటిరేవు దగ్గర మాటు వేయాలి, గంటలకొద్దీ కదలకుండా ఉండాలి. నల్లమల చెంచులు విల్లమ్ములతో వేటాడింది చెట్లూ పొదలూ ఆసరా ఇచ్చే అడవిలో. గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగల కృష్ణజింకను బోసి మైదానంలో 20 మీటర్ల దాకా చేరడం ఎవరి తరం? అక్కడ మనిషి జంతువు దగ్గరికి పోలేడు. జంతువే రావాలి. అడవిలోనైనా బయల్లోనైనా మగజింకను అలా రప్పించగలిగేది ఎదకాలం ఒక్కటే.

రోజు కురచైతే రక్తం మారుతుంది

తెల్లతోక జింక గడియారం సూర్యుడు. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోను విడుదల చేస్తుంది. శరదృతువులో రాత్రి పొడవయ్యే కొద్దీ మెలటోనిన్ ఎక్కువసేపు ఊరుతుంది. పిల్లల్ని కనే ఏర్పాట్లు మొదలుపెట్టమని శరీరానికి అందే కబురు అదే. మగజింకలో టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. వేసవంతా నూగుచర్మం కింద పెరిగిన కొమ్ములు గట్టిపడతాయి, చర్మం ఊడిపోతుంది, మెడ లావెక్కుతుంది. జింక చెట్ల బెరడుకు కొమ్ములు రాస్తుంది, కాలిగిట్టతో నేల గీరి అక్కడ మూత్రం పోస్తుంది. ఈ గుర్తులన్నీ వాసనతో రాసిన ప్రకటనలు.

ఆడజింక ఎదలో ఉండేది సుమారు 24 గంటలే. ఆ ఒక్క రోజు తప్పితే మళ్లీ దాదాపు 28 రోజులు ఆగాలి. కాబట్టి మగజింక రాత్రీ పగలూ లేకుండా వెతుకుతూనే ఉంటుంది. మూత్రం వాసన దొరికితే పైపెదవి ముడిచి తల ఎత్తి, అంగిట్లో ఉండే ప్రత్యేక అవయవంతో ఆ వాసనలోని హార్మోన్ల జాడ పసిగడుతుంది. ఈ తిరుగుడులో మేత మానేసి, ఎదకాలం ముగిసేసరికి తన బరువులో అయిదోవంతు, ఒక్కోసారి నాలుగోవంతు కోల్పోతుంది. అమెరికా రోడ్ల మీద జింకలు వాహనాలకు గుద్దుకోవడం ఎక్కువయ్యేదీ నవంబరులోనే.

ఇంత తెగింపు వెనక ఒక లెక్క ఉంది. గర్భం సుమారు 200 రోజులు. నవంబరులో కట్టిన జింక మే చివరో జూన్‌లోనో, గడ్డి లేతగా ఉన్నప్పుడు ఈనుతుంది. ముందు పుట్టిన పిల్ల చలికి పోతుంది. ఆలస్యంగా పుట్టినది వచ్చే చలికాలానికి ఎదగదు. మంచు కురిసే దేశంలో తేదీ తప్పితే సంతతి దక్కదు. అందుకే అక్కడ జింకలన్నీ ఒకే నెలలో ఎదకొస్తాయి, వేటగాళ్లూ అదే నెలలో సెలవు పెడతారు.

ఇక్కడ గడియారం వేరు

అమెరికాలో విస్కాన్సిన్ వంటి రాష్ట్రం సుమారు 45 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ ఏడాదిలో అతి పొడవైన పగటికీ అతి కురచ పగటికీ తేడా దాదాపు 7 గంటలు. కోవిల్‌పట్టి 9 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ ఆ తేడా గంటకు కాస్త పైన, అంతే. సూర్యుడిచ్చే సంకేతం అంత బలహీనంగా ఉన్నచోట దాన్ని పట్టుకుని జింకలన్నీ ఒకే వారంలో ఎదకు రాలేవు. మంచు భయం లేదు కనుక రావలసిన అవసరమూ లేదు. తెల్లతోక జింకలో కూడా ఇదే కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖ దగ్గర బతికే ఆ జాతి జింకలు ఏడాది పొడవునా పిల్లల్ని కంటాయి.

కురుమలై మచ్చల జింకల జాతి తీరూ అంతే. ఒక మందలో ఒక మగజింక కొమ్ములు గట్టిపడి మదం మీద ఉంటే, పక్కనున్నది కొమ్ములు రాల్చుకుని సాధువులా మేస్తూ ఉంటుంది. ఎవరి గడియారం వారిదే. కొన్ని నెలల్లో ఎద ఎక్కువగా కనిపించినా, ఏ నెలలోనూ పూర్తిగా ఆగదు.

కృష్ణజింక సంగతి ఇంకాస్త వేరు. నిజానికి అది జింకల కుటుంబంలోది కాదు, ఆవు, మేకల కుటుంబంలోది. దాని మెలితిరిగిన కొమ్ములు ఏటా రాలవు, బతికినన్నాళ్లూ ఉంటాయి. అది ఏడాదంతా కూడుతుంది. అయితే మార్చి నుంచి మే వరకు ఒకసారి, ఆగస్టు నుంచి అక్టోబరు వరకు మరోసారి జోరు పెరుగుతుంది. గర్భం సుమారు 6 నెలలు. మార్చి, మే మధ్య కట్టిన లేడి, అంటే ఆడ కృష్ణజింక, సెప్టెంబరు, నవంబరు మధ్య ఈనుతుంది. కరిసల్ నేలకు ఈశాన్య రుతుపవనాల వాన పడి పచ్చిక లేచేది ఆ రోజుల్లోనే.

పెంటికల కుప్ప మీద పెత్తనం

తెల్లతోక మగజింక ఆడజింకను వెతుక్కుంటూ పోతుంది. కృష్ణజింక మగది, మన పల్లెల్లో ఇర్రి అనేది, చాలాచోట్ల చోటు పట్టుకుని కూర్చుంటుంది. ఒకేచోట పదేపదే పెంటికలు వేసి కుప్ప చేస్తుంది. కంటి కింది గ్రంథి నుంచి ఊరే జిగురును గడ్డిపరకలకు పూస్తుంది. ముక్కు పైకెత్తి, చెవులు వాల్చి, గుర్రుమంటూ బిర్రుగా నడుస్తుంది. గుజరాత్‌లోని వేళావదర్ లాంటి చోట్ల పదుల సంఖ్యలో ఇర్రులు పక్కపక్కనే చిన్న చిన్న జాగాలు పట్టుకుని నిలబడతాయి. లేళ్లు సంతకు వచ్చినట్టు వచ్చి, నాలుగు చోట్లా చూసి, నచ్చినదాన్ని ఎంచుకుంటాయి. అక్కడ మేత ఉండదు, నీడ ఉండదు. లేడికి దొరికేది తన పిల్లకు మంచి తండ్రి, అంతకుమించి ఏమీ లేదు.

ఈ పెత్తనానికి ఇర్రి చెల్లించే ధరను కవితా ఈశ్వరన్, యాదవేంద్రదేవ్ ఝాలా వేళావదర్‌లో లెక్కగట్టి 2000లో ప్రచురించారు. చోటు వదలని మగజింకకు మేసే సమయం తగ్గుతుంది, పోట్లాటల్లో గాయాలవుతాయి. ఏమరుపాటుకు అసలు కారణం ఇదే. అది తెలివితక్కువతనం కాదు. ఇర్రి తన ఒంట్లోని కొవ్వునూ జాగ్రత్తనూ ఖర్చుపెట్టి సంతానాన్ని కొనుక్కుంటోంది. పది రోజులు ప్రాణభయం పక్కనపెట్టి పది పిల్లలకు తండ్రైన మగజింక వారసులే తర్వాతి తరంలో మిగిలాయి. భయపడి పక్కకు తప్పుకున్నవాటికి వారసులు తగ్గారు.

ఈ బలహీనతను మనిషి ఎప్పుడో కనిపెట్టాడు. తెలుగు వేటగాళ్లు మచ్చిక చేసిన జంతువును చూపించి అడవి జంతువును రప్పించేవారు. దానికి దీమం అని పేరు. అక్బరు కాలపు ఐనీ అక్బరీలో ఇదే పద్ధతి ఉంది. మచ్చికైన మగజింక కొమ్ములకు వల కట్టి అడవి మగజింక మీదికి వదిలేవారు. పోట్లాటలో అడవి జింక కొమ్మో కాలో వలలో చిక్కుకుంటే, మాటున ఉన్న వేటగాళ్లు వచ్చి పట్టుకునేవారు. 20 మీటర్ల దాకా పాకే పని లేదు. ఇర్రి పెత్తనపు కోరికే దాన్ని దగ్గరికి తెచ్చేది.

వేట ఎందుకు వద్దు

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం విల్లయినా తుపాకీ అయినా జింకల వేట నేరమే. కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. విచిత్రమేమంటే 1932లో అమెరికాలోని టెక్సస్‌కు తీసుకెళ్లిన కృష్ణజింకలు అక్కడ ప్రైవేటు పచ్చికబయళ్లలో బాగా పెరిగాయి. ఇప్పుడు అక్కడ వాటిని డబ్బు కట్టి విల్లుతోనూ వేటాడతారు. తమ దేశపు జింక కాదు కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం దానికి వేటకాలమంటూ పెట్టలేదు.

టెక్సస్‌లో అది చెల్లిందంటే విశాలమైన నేల ఉంది, మందలు పెద్దవి. వల్లనాడులో రెండూ లేవు. చుట్టూ పొలాలు, ఊళ్లు, రోడ్లు ఉన్న ఒంటరి గుట్ట అది. బయటి నుంచి కొత్త రక్తం వచ్చే దారి లేదు. పైగా ఈ జాతిలో కొద్దిపాటి మగవే ఎక్కువ పిల్లలకు తండ్రులవుతాయి. ఎదకాలంలో వలకో ఉచ్చుకో కుక్కకో చిక్కేది చోటు పట్టుకుని నిలబడ్డ ఆ బలమైన మగజింకే. కెనడాలోని ఆల్బర్టాలో పెద్ద కొమ్ముల పొట్టేళ్లనే ఏరి ఏరి వేటాడినందువల్ల తరతరానికి కొమ్ములు చిన్నవవుతూ వచ్చాయని 2003లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. అక్కడ అలా జరిగితే, 16 చదరపు కిలోమీటర్ల గుట్టలో ఒక్క ఇర్రి పోవడం చిన్న నష్టం కాదు.

రైతు గోడు కూడా నిజమే. కర్నూలు సీమలో 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పైర్లు తిన్నాయి. కరిసల్ రైతులకూ ఆ బాధ తెలుసు. పంట పోయినవాడికి పరిహారం వెంటనే అందితేనే చేనుగట్టు మీద ఉచ్చు లేవకుండా ఉంటుంది. జింకను కాపాడే పనిలో మొదటి మెట్టు అదే.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మచ్చల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. వాటిని మాటు వేసి చూడాలనుకుంటే రోళ్లపాడు ఉంది, హైదరాబాద్‌లో మహావీర్ హరిణ వనస్థలి ఉంది, దక్షిణానికి వెళ్తే వల్లనాడు ఉంది. బైనాక్యులర్ తీసుకెళ్లండి. గుట్టల పక్క రోడ్డు మీద, ముఖ్యంగా వేకువనా సాయంత్రం వేళా బండి నెమ్మదిగా నడపండి. పెంపుడు కుక్కను వదలకండి. పెంటికల కుప్ప మీద నిలబడ్డ ఇర్రి కనిపిస్తే దూరం నుంచే చూడండి. దగ్గరికి వెళ్లి దాన్ని ఆ చోటు నుంచి లేపకండి.