లాభము ముందా, వృద్ధి ముందా?

‘స్టార్టప్’ అను మాట నేడు విద్యార్థుల నోట తఱచుగా వినబడుచున్నది. క్రొత్త యోచనతో వడివడిగా పెరుగగోరు చిన్న సంస్థకు అది పేరు. అట్టి సంస్థ మొదటినుండియే రుసుము తీసికొనవలయునా, లేక కొంతకాలము ఉచితముగా సేవచేసి, జనులు విరివిగా చేరిన పిమ్మట ధనము నార్జింపవలయునా? తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్మే బిడ్డలకు పెట్టుబడి యగునపుడు ఈ ప్రశ్న ఇంటింటికిని సంబంధించినదే. కావున మాకు తోచినంతవఱకు దీనిని విచారింతుము.

మన సీమలోనే రెండు విధములైన సేద్యములు కలవు. పుంగనూరు, కుప్పము ప్రాంతములందు అంటుమామిడి నాటిన రైతు తొలి రెండు మూడేండ్ల పూతను తానే త్రుంచివేయును. లేతచెట్టు కాయలు మోసినచో కొమ్మలు బలియవని అతడెఱుగును. ఆ యేండ్లలో చెట్ల నడుమ వేరుసెనగ వంటి పైరు వేసి ఇల్లు గడుపుకొనును. మదనపల్లె టొమాటో రైతు అట్లు వేచియుండజాలడు. నారు నాటిన రెండు మూడు నెలలకే కోత వచ్చును. కోసిన పండు నిలువ యుండదు. ఆనాటి ధరకే అమ్ముకొనవలయును. ఇరువురిలో తెలివిగలవారెవరు? ఇరువురును. పంటనుబట్టియే వారి నడవడి.

వ్యాపారములందును ఇట్లే. టెలిఫోను ఒక్కని యింటనే యున్న నిష్ప్రయోజనము. పదిమంది యిండ్లకు వచ్చినకొలదిని అందఱకును దాని విలువ పెరుగును. వాట్సప్ వంటివియు ఇట్టివే. వీనికి మొదట వ్యాప్తియే ప్రధానము. జియో సంస్థ 2016 సెప్టెంబరులో తన సేవలను ఉచితముగా ప్రారంభించి, 2017 మార్చి కడవఱకు అట్లే నడపెను. ఆ నడుమనే పదికోట్లకు మించిన జనులు చేరిరి. కాని దాని వెనుక రిలయన్సువారి అపారధనము కలదని మఱవరాదు.

మన తెలుగువాడైన ఫణీంద్ర సామా కథ వేఱు. 2005 దీపావళికి బెంగుళూరునుండి ఇంటికి పోవుటకు బస్సు టిక్కెట్టు దొరకక, ఆయన మిత్రులతో గూడి 2006లో రెడ్‌బస్ స్థాపించెను. వారు పెట్టుబడిదారుల సాయమును పొందిరి గాని, అమ్మిన టిక్కెట్లపై బస్సు యజమానులనుండి కమీషనును గూడ తీసికొనిరి. వ్యాప్తియు ఆర్జనయు జోడెడ్లవలె నడచెను. కమీషను నిచ్చుటకు యజమానులు సమ్మతించుటయే ఆ సేవ అక్కఱకు వచ్చినదనుటకు నిదర్శనము. 2013లో ఆ సంస్థను ఐబిబో కొనెను.

కావున విద్యార్థులారా, మీరు రేపు ఏ సంస్థనైన స్థాపింపబూనినచో ముందుగా మూడు ప్రశ్నలు వేసికొనుడు. జనులు పెరిగినకొలది మా సేవ మేలగునా? ఆదాయము లేక ఎన్ని నెలలు గడుపగలము? నేడు ఉచితముగా గైకొన్నవారు రేపు కొంచెమైనను చెల్లింతురా? ఈ కడపటిదానికి ఊహతో జవాబు చెప్పుకొనరాదు. కొందఱినైన అడిగి, పుచ్చుకొని చూడవలయును.

పూత త్రుంచు రైతునకు ఆ చెట్టు ముందుముందు కాయునని తెలియును. ఆ యెఱుక లేక వేచియుండుట ఓర్పు కాదు. అది పెద్దల కష్టార్జితమును గాలికి విడుచుటయే.